బియ్యం డ్రమ్ములో బ్యాంకు

2016 నవంబరు 8వ తేదీ రాత్రి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. రాజమండ్రిలో ఉంటున్నాం. భోజనాలయ్యాయి. పెద్ద నోట్లు చెల్లవని టీవీలో చెప్తుంటే మావారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. మామయ్యగారు, "మనకేం భయం, మన దగ్గర ఉంటేగా!" అని నవ్వారు. అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్ళారు. ఎంతసేపటికీ రాకపోతే వెళ్ళి చూశాను. బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఏదో వెతుకుతున్నారు.

పాత చీర కొంగు చింపి కట్టిన మూట బయటికి వచ్చింది. నలభై ఏడు అయిదు వందల నోట్లు. అంటే 23,500 రూపాయలు. "నా దగ్గరేముందమ్మా" అని నా పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటున్న మనిషి దగ్గర! అప్పటికి ఆవిడ వయసు డెబ్బై ఆరు.

"ఎందుకు దాచారత్తయ్యా ఇంత?" అన్నాను.

"ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టుకోడానికి" అన్నారు.

"మరి ఖర్చు పెట్టలేదేం?"

దానికి ఆవిడ దగ్గర సమాధానం లేదు. ఆ రోజు నుంచీ నాకు ఆ ప్రశ్నే మనసులో తిరుగుతోంది. మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి ఈ దాచుకునే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? పచ్చటి పొలాలు, నిండుగా పారే కాలవలు, ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఉన్న చోట పిడికెడు బియ్యం కూడా వృథా పోనివ్వని ఈ జాగ్రత్త ఎందుకు? తీరిక దొరికినప్పుడల్లా చదివినవీ, అత్తయ్యగారిని అడిగి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కరువు వదిలి వెళ్ళిన భయం

గోదావరి జిల్లాలంటే ఎప్పుడూ అన్నపూర్ణే అనుకుంటాం. దాదాపు రెండు వందల ఏళ్ళ క్రితం అలా లేదు. 1832-33లో కృష్ణకి అవతల గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువులో లక్ష మందికి పైగా చనిపోయారు. గోదావరి పక్కనే పారుతున్నా మన వైపూ పరిస్థితి ఏమంత బాగాలేదు. ఒక ఏడాది వానలు లేక పంట ఎండేది, ఇంకో ఏడాది వరదొచ్చి కొట్టుకుపోయేది. 1839లో కోరంగి దగ్గర తుఫాను ఉప్పెనై ఊళ్ళని ముంచింది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉంటే, 1841 నాటికి అయిదున్నర లక్షల దగ్గరికి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో జనాభా పెరగాల్సింది పోయి అంత తగ్గిందంటే ఎన్ని పొయ్యిలు ఆరిపోయాయో ఊహించుకోండి.

ఆ తర్వాత కథ మనకి చిన్నప్పట్నుంచీ తెలిసిందే. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. కాలవలు వచ్చాయి, వరి వచ్చింది. కానీ కరువు చూసిన ఆడవాళ్ళు ఆ భయాన్ని కోడళ్ళకి చెప్పారు, ఆ కోడళ్ళు తమ కోడళ్ళకి చెప్పారు. గాదెలో ధాన్యం నిండుగా ఉన్నా అడుగు కనబడనివ్వకూడదన్న పట్టింపు, సంధ్యవేళ బియ్యం అప్పివ్వకూడదన్న పట్టింపు, "లేవు" అనకుండా "నిండుకున్నాయి" అనడం, ఇవన్నీ శకునాల్లాగే కనిపిస్తాయి. నాకు మాత్రం వాటి వెనక ఆకలి తెలిసిన మనుషులు కనిపిస్తారు.

ఇంకో సంగతి. కాలవలొచ్చినా అవి ఏడాది పొడుగునా పారవు. ఎండాకాలంలో మరమ్మతులకి కాలవ కట్టేస్తారు. ఇప్పటికీ అంతే. కట్టేసే ముందే ఊరి చెరువు నింపుకోవాలి, ఇంట్లో గోలాలు నింపుకోవాలి. డెల్టాలో పుట్టిన ఆడపిల్లకి నీళ్ళు కూడా దాచుకోవాలని అలా తెలిసేది.

పిడికెడు బియ్యం లెక్క

అత్తయ్యగారిది కోనసీమలో గౌతమి గట్టు పక్కన ఊరు. పదిహేడో ఏట, 1957లో కాపురానికి వచ్చారు. వాళ్ళ అత్తగారు మొదటి రోజు వంటింట్లో నేర్పింది వంట కాదట. ఎసట్లో పొయ్యడానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వెయ్యడం. పొద్దున ఒక పిడికెడు, రాత్రి ఒక పిడికెడు. మనుషులు పెరిగినా తగ్గినా అది మాత్రం మానకూడదు.

నేను ఒకసారి సరదాకి తూకం వేసి చూశాను. నా పిడికిట్లో పట్టేది దాదాపు నలభై గ్రాములు. రెండు పూటలా అంటే రోజుకి ఎనభై, నెలకి దాదాపు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, ఏడాదికి 29 కిలోలు. ఇంట్లో ఎవరికీ ఒక్క మెతుకు తగ్గినట్టు అనిపించదు. కానీ ఏడాది తిరిగేసరికి ఒక బియ్యం బస్తా దాదాపు ఊరికే మిగిలినట్టే. అది ఇంటావిడ సొంతం. దాంట్లోంచే బిచ్చం వేసేది, చాకలికి పెట్టేది, అనుకోకుండా చుట్టం వస్తే వండేది, మిగిలింది అమ్మి పసుపు కుంకుమలకో పిల్లల పలకలకో వాడుకునేది.

ఇందులో ఉన్న కిటుకు గమనించారా? ఖర్చయ్యాక మిగిలింది దాచడం కాదు. ముందు దాచి, మిగిలింది వండడం. ఇవాళ జీతం పడగానే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కింద డబ్బు కట్ అయ్యేలా పెట్టుకోమని చెప్తున్నారే, ఆ పద్ధతే ఇది.

కొలతలు కూడా అలాగే ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ప్రతి ఇంట్లోనూ ఈ ఇత్తడి, చెక్క కొలతలు ఉండేవి. చేతికొచ్చినంత పొయ్యడమన్నది లేదు. మనిషికింత అని కొలతే. నేను కొత్తగా వచ్చినప్పుడు గ్లాసుతో ఉజ్జాయింపుగా పోసేదాన్ని. రోజూ అన్నం మిగిలేది. అత్తయ్యగారు నన్ను ఏమీ అనలేదు, ఒక పాత సోల తెచ్చి బియ్యం డబ్బాలో పడేశారు. అంతే, అన్నం మిగలడం ఆగిపోయింది.

వరి గింజలో పారేసేది లేదు

డెల్టా ఇంట్లో వడ్లగింజకి ఉన్నన్ని ఉపయోగాలు దేనికీ ఉండవు. దంపితే వచ్చే ఊక పొయ్యిలోకి. తవుడు గేదెకి. నూకలు ఉప్మాకి, లేకపోతే కోళ్ళకి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలోకి, అక్కణ్ణుంచి గేదెకి. గేదె పాలిచ్చేది, పేడ ఇచ్చేది. పేడ పిడకలయ్యేది, పిడకలు కాలి కచ్చిక అయ్యేది, కచ్చికతో పళ్ళు తోముకునేవారు, బూడిదతో గిన్నెలు తోమేవారు. ఆ గిన్నెలు కడిగిన నీళ్ళు అరటిచెట్టు మొదట్లోకి.

అన్నం వార్చిన గంజిలో ఉప్పు వేసి తాగేవాళ్ళు. మిగిలింది నూలు చీరలకి పెట్టేవాళ్ళు. ఇంకా మిగిలితే తరవాణి కుండలో పోసేవాళ్ళు. పులిసిన ఆ తరవాణి అన్నంలో పోసుకుని పచ్చిమిరపకాయ నంజుకుంటే ఎండాకాలం పొలం వెళ్ళేవాళ్ళకి కడుపులో చల్లగా ఉండేది. ఇప్పుడు మనం కుక్కర్లో వండుతున్నాం, గంజి లేదు, తరవాణి లేదు. పులిసిన చద్దన్నం ఒంటికి ఎంత మంచిదో మాత్రం ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకుంటున్నాం.

కోనసీమలో కొబ్బరిచెట్టుదీ ఇదే కథ. కాయ అమ్మకానికి. ఆకులతో దడి, ఈనెలతో చీపురు, పీచుతో తాళ్ళు, డొక్కలు నీళ్ళ పొయ్యిలోకి, చిప్ప గరిటెకి. అందుకే 1996 నవంబరు 6న తుఫాను కోనసీమ మీద పడ్డప్పుడు ఆ నష్టం లెక్కల్లో చెప్తే అర్థమయ్యేది కాదు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు విరిగి పడ్డాయి. చెట్టు పోతే అమ్ముకునే కాయతో పాటు చీపురు, దడి, వంటచెరకు అన్నీ ఒక్క రాత్రిలో కొనుక్కోవాల్సినవి అయిపోయాయి. కొత్తగా వేసిన మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. దేన్నీ పారెయ్యకుండా బతికే ఇల్లు ఆ ఒక్కదాని మీదే ఎంతగా ఆధారపడుతుందో ఆ తుఫాను చూపించింది.

ఏడాది సరుకుల సంగతీ చెప్పాలి. కొత్త చింతపండు, కొత్త మిరపకాయలు, కొత్త కందిపప్పు సంక్రాంతి దాటాక ఎండాకాలంలోపు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కొత్త పంట దిగినప్పుడే ధర తక్కువ, సరుకూ బాగుంటుంది. అప్పుడే కొని, ఎండబెట్టి, జాడీల్లోకి ఎత్తితే వానాకాలంలో ధర పెరిగినా మనకి పట్టదు. ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు, ఒరుగులు అన్నీ ఈ లెక్కలోవే. కూరలు దొరకని ముసురు రోజుల్లో, వరదొచ్చి సంతకి వెళ్ళలేని రోజుల్లో ఆ జాడీలే కూరల కొట్టు.

యుద్ధం, రేషను, నయాపైసలు

మా అమ్మమ్మ "రంగం" అనేది. రంగూన్ అన్నమాట. గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఓడలెక్కి బర్మా వెళ్ళి పని చేసేవారు, ఇంటికి డబ్బు పంపేవారు. 1942లో జపాన్ వాళ్ళు బర్మాని పట్టుకోవడంతో ఆ డబ్బు ఆగింది, అక్కణ్ణుంచి వచ్చే బియ్యమూ ఆగాయి. ఆ ఏడాది ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు పడ్డాయి. బియ్యం, బట్ట, కిరసనాయిలు అన్నిటికీ కంట్రోలు వచ్చింది. పాత చీరల్ని పొరలు పొరలుగా వేసి బొంతలు కుట్టడం, పెద్దవాళ్ళ పంచె చింపి పిల్లలకి చొక్కాలు కుట్టడం అంతకు ముందూ ఉన్నాయి. కంట్రోలు రోజుల్లో అవి తప్పనిసరి అయ్యాయి. లాంతరు ఒక్కటే వెలిగించి ఇల్లంతా ఆ వెలుగులోనే కూర్చునే అలవాటు అమ్మమ్మకి కరెంటు వచ్చాక కూడా పోలేదు. మనిషి లేని గదిలో లైటు వెలిగితే ఆవిడకి నిద్ర పట్టేది కాదు.

అత్తయ్యగారు కాపురానికి వచ్చిన 1957లోనే, ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి. అంతవరకూ రూపాయికి పదహారు అణాలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. కొత్త లెక్కలో రూపాయికి వంద పైసలు. అణాకి ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా ఎక్కడుంది? అందుకని అణాకి ఆరు, బేడకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి ఇరవై అయిదు అని కట్టారు. విడివిడిగా నాలుగు అణాలు మారిస్తే ఇరవై నాలుగు పైసలే వస్తాయి, ఒకేసారి పావలాగా మారిస్తే ఇరవై అయిదు. అత్తయ్యగారు పాత అణాల్ని నాలుగేసి మూట కట్టి పావలాల లెక్కన మార్చారట! "ఆ ఒక్క పైసా ఎవడికి పోవాలమ్మాయ్?" అని ఇప్పటికీ అంటారు. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి ఆవిడ.

అన్నట్టు, ఆ అయిదో తరగతి కూడా ఊరికే రాలేదు. వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1902లో ఏలూరు నుంచి "హిందూసుందరి" అని ఆడవాళ్ళ కోసం పత్రిక వచ్చింది, దాన్ని నడిపిన సంపాదకులూ ఆడవాళ్ళే. చదువు రాకముందు పాలావిడ లెక్క గోడ మీద బొగ్గు గీతలు. చదువొచ్చాక జమాఖర్చుల పుస్తకం. గోడకి సున్నం వేస్తే గీతలు పోతాయి, పుస్తకం పోదు. అత్తయ్యగారి పుస్తకాలు పదకొండు ఉన్నాయి మా అటక మీద. ఉప్పు దగ్గర్నుంచి పెళ్ళి కట్నం దాకా అన్నీ రాశారు. దాచుకున్న డబ్బు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఖాళీ సమయం అని పేరు పెట్టిన పని

పొదుపు గురించి రాస్తూ నరసాపురం లేసు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఈ అల్లిక వచ్చింది. దారం, ఒక కొక్కెం సూది ఉంటే చాలు. అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ అల్లేస్తారు. గడప దాటని ఇళ్ళ ఆడవాళ్ళు కూడా చేసేవారు. ఆ లేసు ఓడలెక్కి యూరప్, ఆస్ట్రేలియా దాకా వెళ్ళింది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఇక్కడికి వచ్చి ఈ ఆడవాళ్ళని చూసి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆవిడ చూసింది ఇది: ఇంటి పనంతా చేసుకుని, దాని పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. చేతికి రోజుకి రూపాయి కూడా రావట్లేదు. కారణం అడిగితే, వీళ్ళు గృహిణులు, తీరిక సమయంలో అల్లుకుంటున్నారు, అని సమాధానం. అమ్మకాలు మగవాళ్ళవి, లాభం వర్తకులది. ఆరు గంటల పనికి "తీరిక" అని పేరు పెడితే కూలి ఇవ్వక్కర్లేదన్నమాట! నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అల్లే చేతులకి ఎంత వస్తోందన్నది ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నే.

మన పొదుపుకీ ఇదే జరిగింది అనిపిస్తుంది నాకు. పిడకలు చెయ్యడం, వడియాలు పెట్టడం, బొంతలు కుట్టడం అన్నీ పనే. బజార్లో కొంటే డబ్బవుతుంది. ఇంట్లో చేస్తే "ఇల్లు జాగ్రత్తగా నడుపుతుంది" అన్న మాటొక్కటే. 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దాని మీద పెడుతున్నారని తేలింది. మగవాళ్ళయితే 97 నిమిషాలు. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళు, ఖైదీలతో కలిపి ఒకే గాటన కట్టడాన్ని గట్టిగానే తప్పు పట్టింది.

చీటీ నుంచి డ్వాక్రా దాకా

పోపుల డబ్బాలో పెట్టిన డబ్బు పెరగదు. ఆ సంగతి ఆడవాళ్ళకి ఎప్పుడో తెలుసు. అందుకే చీటీలు. ఇరవై మంది నెలకి అయిదు వందలు కడితే పదివేలు. అవసరం ఉన్నవాళ్ళు పాడుకుంటారు, మిగిలినవాళ్ళకి లాభం వస్తుంది. నమ్మకం మీద నడిచే బ్యాంకు. నమ్మకం పోతే అడిగే దిక్కు ఉండదు. మా వీధిలో ఒకావిడ చీటీ సొమ్ముతో రాత్రికి రాత్రి ఊరు వదిలి వెళ్ళిపోయారు. నాకు పోయింది ఆరువేలే. మా పక్కింటామెకి కూతురి పెళ్ళి డబ్బు. ఇంట్లో చెప్పుకోలేక ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. 1982 చిట్‌ఫండ్ చట్టం ఉంది, రిజిస్టరైన చీటీకైతే కాగితం ఉంటుంది, అడిగే చోటు ఉంటుంది. దాచి కట్టే డబ్బుకి కాగితం కూడా దాచే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

పోస్టాఫీసు పొదుపు ఖాతాలు 1882 నుంచీ ఉన్నాయి. పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టింది 1923లో. మరి మా అత్తయ్యగారిలాంటి వాళ్ళు 2016 దాకా ఎందుకు వెళ్ళలేదు? దూరం ఒకటి. అసలు కారణం, ఖాతా తెరవాలంటే ఇంట్లో చెప్పాలి. చెప్తే అది "ఇంటి డబ్బు" అయిపోతుంది.

ఆ గోడని పగలగొట్టింది నెల్లూరు జిల్లా పల్లెటూరి ఆడవాళ్ళు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు మిగిలింది కదా, దాన్ని దాచుకుందాం అని రోజుకి రూపాయి చొప్పున "పొదుపులక్ష్మి" మొదలైంది. 1982 నుంచే ఉన్న డ్వాక్రా పథకానికి ఆ ఊపు తోడై, గోదావరి జిల్లాల్లోనూ ఊరూరా సంఘాలు ఏర్పడ్డాయి. ఆడవాళ్ళు పదిమంది కూర్చుని, పుస్తకంలో పేరు రాయించుకుని, అందరికీ తెలిసేలా డబ్బు దాచుకోవడం అప్పుడు మామూలు విషయం అయింది. బియ్యం డ్రమ్ములో పెట్టిన రూపాయికీ సంఘం పుస్తకంలో పెట్టిన రూపాయికీ తేడా వడ్డీ ఒక్కటే కాదు. రెండోది నాది అని పైకి చెప్పుకోవచ్చు.

ఏవి ఉంచుకుందాం, ఏవి వదిలేద్దాం

పాత పొదుపంతా బంగారం అని నేను అనను. మా అత్తయ్యగారు పెళ్ళయిన మొదటి పదేళ్ళలో వేడి అన్నం తిన్న రోజులు వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చట. మగవాళ్ళు, పిల్లలు తిన్నాక మిగిలిందే ఆవిడ వాటా. మిగిలితే చద్దన్నం, అదీ ఆవిడకే. ఇంట్లో పాలు తక్కువైతే ముందు మానేసేది ఆవిడ కాఫీ. దాన్ని పొదుపు అంటే ఎలా? ఒక మనిషి ఒంట్లోంచి తీసి మిగిలినవాళ్ళకి పెట్టడం అది.

అందుకే నేను ఒక గీత గీసుకున్నాను. వస్తువులు వృథా కాకుండా చూసే అలవాట్లన్నీ ఉంచుకున్నాను: కొలిచి వండడం, కొత్త పంట రాగానే ఏడాది సరుకు కొనడం, పాత చీరలతో బొంతలు, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకి, రోజూ రాత్రి అయిదు నిమిషాలు ఖర్చు రాసుకోవడం, నెల మొదట్లోనే దాచడం. మనిషిని తగ్గించే అలవాట్లు వదిలేశాను. మా ఇంట్లో అందరం కలిసే తింటాం. చద్దన్నం ఉంటే పోపు పెట్టి అందరికీ తలో కాస్త. ముఖ్యంగా, నా పేరున ఖాతా, దానికి నామినీ, అది ఉందని మావారికి తెలుసు. నాకు కావాల్సింది కొనుక్కోడానికి ఎవర్నీ అడగనని కూడా తెలుసు.

మళ్ళీ ఆ మూట దగ్గరికి

ఆ రాత్రి మూట విప్పి లెక్కపెడుతుంటే మామయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. "నాకు తెలీకుండా ఇంతా!" అని మొదట నవ్వారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఎనభై ఆరులో వరదొచ్చినప్పుడు మీ తమ్ముడు పంపించాడన్నావే, ఆ డబ్బు?" అన్నారు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద పెద్దవాళ్ళందరికీ గుర్తే. వాళ్ళ ఊళ్ళోకి నీళ్ళొచ్చి, నారుమళ్ళు పోయి, మళ్ళీ విత్తనాలకి డబ్బు లేక మామయ్యగారు వడ్డీకి తేబోతుంటే, అత్తయ్యగారు పుట్టింటి నుంచి వచ్చిందని చెప్పి పన్నెండు వందలు చేతిలో పెట్టారట. ముప్ఫై ఏళ్ళపాటు ఆ పేరు బావమరిదికే ఉండిపోయింది.

అత్తయ్యగారు తలెత్తకుండా, "వాడి దగ్గరెక్కడివి అప్పుడు?" అన్నారు.

మామయ్యగారు ఏమీ అనలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

మర్నాడు అసలు సమస్య మొదలైంది. అత్తయ్యగారి పేరున ఖాతా లేదు. బ్యాంకు కౌంటరులో ఒకసారి మార్చుకునేది నాలుగు వేలే. డిసెంబరు 30లోపు ఖాతాలో వేసెయ్యాలి. గృహిణులు దాచుకున్న చిన్న మొత్తాలు, రెండున్నర లక్షల లోపైతే ఆరా తియ్యమని ప్రభుత్వం చెప్పింది కాబట్టి ఆ భయం లేదు. "నాన్న ఖాతాలో వేసేద్దాం" అన్నారు మావారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "నా పేరు మీదే" అన్నారు. అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. మామయ్యగారే ఆధార్ కార్డు, ఫోటోలు పట్టుకుని ఆవిణ్ణి రిక్షాలో తీసుకెళ్ళారు. రెండు రోజులు వరసలో నిలబడి, డెబ్బై ఆరేళ్ళ వయసులో మొదటిసారి తన పేరున్న పాసుపుస్తకంతో తిరిగొచ్చారు.

ఆ డబ్బు మళ్ళీ అలాగే ఉండిపోతుందేమో అనుకున్నాను. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు, "బ్యాంకుకి వెళ్దాం, నువ్వు తోడు రా" అన్నారు. విత్‌డ్రా కాగితం మీద ఆవిడే నెమ్మదిగా అంకె వేసి, సంతకం పెట్టారు. పద్దెనిమిది వేలు. అక్కణ్ణుంచి నేరుగా చెవి మిషను కొట్టుకి తీసుకెళ్ళారు. నాలుగైదేళ్ళుగా "నాకేం వినాలని ఉందిలే" అని నవ్వేసే మనిషి, ఇన్నాళ్ళూ అది ఖర్చని ఊరుకున్నారని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి మిషను పెట్టుకుని మొదట వంటింట్లోకి వెళ్ళారు. "కుళాయి కారుతున్నట్టుంది, ఎన్నాళ్ళ నుంచి?" అని నన్ను కేకేశారు.

పాసుపుస్తకం ఎక్కడ పెట్టారని అడిగాను. పాత చీర కొంగు ముక్కలో చుట్టి బియ్యం డ్రమ్ములోనే పెట్టారు.